తిత్తి చెడిందా, ఊదే చెయ్యి పడిపోయిందా: పాము కరిచిన కుక్కకు ఆంబూ బ్యాగా, వెంటిలేటరా?

పాము కరిచిన కుక్కను తెచ్చినవాళ్లు గుమ్మంలోనే అడుగుతారు: "డాక్టరుగారూ, వెంటిలేటర్ ఉందా?" మా చిన్న ఊళ్లో జంతువులకు అది లేదు. ఉన్నవి ఒక ఆంబూ బ్యాగ్ (చేత్తో నొక్కి ఊపిరి పోసే సంచి), ఒక ఆక్సిజన్ సిలిండర్, ఇద్దరు ముగ్గురి చేతులు. కొన్ని కేసుల్లో అవే మేలని నేనంటే తప్పించుకుంటున్నాననుకుంటారు.

కమ్మరి కొలిమికి గాలి అందడం లేదంటే తిత్తికి చిల్లైనా పడి ఉండాలి, ఊదేవాడైనా లేచిపోయి ఉండాలి. ఊపిరితిత్తి సంగతీ అంతే. నాగుపాము, కట్లపాము విషం ఎక్కితే నరాల నుంచి కండరాలకు కబురు ఆగిపోతుంది. తిత్తి భేషుగ్గా ఉంటుంది, ఊదేవాడే ఉండడు. న్యుమోనియాలో ఇది తిరగబడుతుంది. ఊదేవాడు రొప్పుతూనే ఉంటాడు, తిత్తి పాడైపోతుంది.

మొన్న వానాకాలంలో తెల్లవారుజామున 18 కిలోల పొలం కుక్కను తెచ్చారు. "రాత్రి అన్నం బాగానే తిందండీ" అన్నాడు యజమాని. పామును ఎవరూ చూడలేదు. నాలుక నీలం, కళ్ల మీద లైటు వేస్తే పాపలో చలనం లేదు, రెప్ప తాకినా ఆడలేదు. పోయిందనుకుని వదిలేసేది ఇలాంటప్పుడే. గుండె మాత్రం కొట్టుకుంటోంది. పైగా ఈ విషం స్పృహను తీయదు, కదలికను తీస్తుంది. మన మాటలు దానికి వినబడుతూనే ఉండొచ్చు. అందుకే అది ఎదురు తిరగకపోయినా కాస్త మత్తిచ్చాకే నోటి గుండా శ్వాసనాళంలోకి ట్యూబ్ వేశాను.

ఇక బ్యాగ్. కిలోకు 10 మి.లీ. చొప్పున ఈ కుక్కకు 180 మి.లీ. గాలి చాలు. మనుషుల్లో పెద్దలకు వాడే బ్యాగ్‌లో లీటరున్నర దాకా పడుతుంది. అంటే పిడికిలంతా బిగించక్కర్లేదు, బొటనవేలు, రెండు వేళ్లతో నొక్కి ఛాతీ కాస్త లేవగానే వదిలేయాలి. మా కుర్రాడు టెన్షన్‌లో నిమిషానికి 40 సార్లు నొక్కేస్తున్నాడు. అలా నొక్కితే లోపలి గాలి బయటికొచ్చే వ్యవధి ఉండదు, ఛాతీలో ఒత్తిడి పెరిగి గుండెకు రక్తం తిరిగి రాదు, బీపీ పడిపోతుంది. ప్రాణం పోయాలన్న తొందరలోనే ప్రాణం తీస్తాం. పైకి ఒకటి నుంచి ఐదు దాకా లెక్కపెట్టించి, ఐదుకోసారి నొక్కించాను. తర్వాత యజమాని కొడుకు కూడా వంతు తీసుకున్నాడు.

దీన్ని పల్లెటూరి సర్దుబాటు అనుకోవద్దు. 1952లో కోపెన్‌హాగెన్‌లో పోలియో వచ్చి ఛాతీ కండరాలు పడిపోయిన రోగులకు సుమారు 1,500 మంది విద్యార్థులు వంతులేసుకుని చేతులతోనే ఊపిరి పోశారు. నేటి ఐసీయూలకు నాంది అదే.

అయితే చేతికీ హద్దుంది. నాగుపాము విషమైతే యాంటీవెనమ్‌కు (విషం విరుగుడు మందు) తోడు నరాల కబురు కండరాలకు మళ్లీ అందేలా చేసే నియోస్టిగ్మైన్, దాని దుష్ఫలితాలను అదుపులో ఉంచే అట్రోపిన్ ఇస్తే గంటల్లో తేడా కనిపించవచ్చు. కట్లపాము విషం నరాల కొసలనే దెబ్బతీస్తుంది. ఆ దెబ్బను యాంటీవెనమ్ బాగుచేయలేదు, కోలుకోవడానికి రోజులు పట్టవచ్చు. అన్ని రోజులు చేతులు ఆడవు, అప్పుడు యంత్రం కావాల్సిందే.

తిత్తే పాడైన కేసుల్లో వెంటిలేటర్‌కు ఎదురు లేదు. ఊపిరి వదిలాక కూడా లోపల కాస్త ఒత్తిడి, 5 సెంటీమీటర్ల ఎత్తు నీరు కలిగించేంత, నిలిపి ఉంచుతుంది. దాంతో తడిసి అంటుకుపోయే గాలి గదులు మూసుకుపోవు. చేత్తో ఆ ఒత్తిడి నిలకడగా పట్టడం కష్టం. పైగా 60 శాతం మించిన ఆక్సిజన్ ఒక రోజు దాటితే ఊపిరితిత్తికే చేటు. ఐసీయూ వెంటిలేటర్‌లో దాన్ని తగ్గించుకుంటూ రావచ్చు. జంతువుల ఆపరేషన్ గదిలోని మత్తిచ్చే యంత్రాలు చాలావరకు శుద్ధ ఆక్సిజన్ మీదే నడుస్తాయి, కొన్ని గంటలకు సరే, రోజులకు కాదు.

వెంటిలేటర్‌లోనూ రెండు దారులున్నాయి. గాలి ఇంత అని బిగిస్తే ఒత్తిడి మారుతుంది, ఒత్తిడి ఇంత అని బిగిస్తే గాలి మారుతుంది. ట్యూబ్‌లో కఫం అడ్డుపడితే మొదటి పద్ధతిలో ఒత్తిడి పెరిగి అలారం మోగుతుంది. రెండో దాంట్లో లోపలికెళ్లే గాలి చప్పుడు లేకుండా తగ్గిపోతుంది, ఆ అంకె మీద కన్నేసి ఉండాలి. పాము కాటు కుక్కకైతే నేను మొదటిదే అడుగుతాను. నాలుగు కిలోల పిల్లికి రెండోది, దాని ఊపిరి 40 మి.లీ. మాత్రమే, ఒత్తిడి ఎక్కువైతే ఊపిరితిత్తి చిట్లవచ్చు. బ్యాగ్ అయినా పిల్లికి చంటిపిల్లలదే వాడాలి.

వెంటిలేటర్ మీట నొక్కి ఇంటికెళ్లే మోటారు కాదు. నాలుగ్గంటలకోసారి పక్క మార్చాలి, కళ్లకు ఆయింట్‌మెంట్ పెట్టాలి, నోరు కడగాలి, నాలుక తడిపి ఉంచాలి, కఫం లాగాలి. రాత్రంతా మనిషి లేనిచోట యంత్రం ఉండీ లేనట్టే.

కాబట్టి న్యుమోనియా కుక్క ఆక్సిజన్ పెట్టినా రొప్పుతుంటే, అది అలిసిపోకముందే సిటీకి తీసుకెళ్లండి. పాము కాటుకు ఊపిరి మందగిస్తే మాత్రం ట్యూబ్ లేకుండా కారెక్కించకండి, వంద కిలోమీటర్ల అవతల వెంటిలేటర్ ఉన్నా దారిలోనే పోతుంది. ముందు ట్యూబ్, చేతిలో బ్యాగ్, ఆ తర్వాతే ప్రయాణం.

మా పొలం కుక్కకు ప్రయాణం అవసరపడలేదు. సాయంత్రం నాలుగింటికి రెప్ప ఆడించింది, మరో గంటకు సొంతంగా ఊపిరి లాగుతూ ట్యూబ్ నమలబోయింది. తీసేశాం.