జర్మన్ టెక్సస్ చూడాలంటే ఏ ఊరు మేలు: న్యూ బ్రాన్‌ఫెల్సా, ఫ్రెడరిక్స్‌బర్గా?

ఆస్టిన్‌లో ఉండేవాళ్ళకి రెండూ పొద్దున వెళ్ళి రాత్రికి తిరిగొచ్చే దూరమే. మొదటిది ఐ-35 హైవే మీద దాదాపు 50 మైళ్ళు, రెండోది 290 హైవే మీద దాదాపు 80. రెండింటికీ పుట్టిల్లు ఒకటే: టెక్సస్‌లో జర్మన్లని స్థిరపరచడానికి జర్మన్ ప్రభువులు కొందరు 1842లో పెట్టుకున్న అడెల్స్‌ఫెరైన్ అనే సంఘం.

న్యూ బ్రాన్‌ఫెల్స్‌ని 1845లో ఆ సంఘం తరఫున జర్మన్ యువరాజు కార్ల్ స్థాపించి, కొద్ది నెలలకే అప్పులు మిగిల్చి వెళ్ళిపోయాడు. చోటు మాత్రం బాగా ఎంచాడు. కోమల్ ఊటలు, ఊళ్ళోనే పుట్టి ఊళ్ళోనే ఇంకో నదిలో కలిసిపోయే చిన్న నది. వేసవిలో పిల్లలతో వెళ్తే ట్యూబుల మీద తేలడమే సరిపోతుంది, చరిత్ర ఎవరికీ గుర్తుండదు. పక్కనే గ్రీన్‌లో 1878 నాటి డాన్స్ హాల్ ఉంది, ఇప్పటికీ పాటలు ఆగలేదు. నవంబరులో సాసేజీల పండగ.

ఫ్రెడరిక్స్‌బర్గ్ కథ వేరు. 1846లో దాన్ని నిలిపిన మోయిసెబాక్, మరుసటి ఏడాదే అక్కడి ఆదివాసులైన కొమాంచీల దగ్గరికి స్వయంగా వెళ్ళి సంధి చేసుకున్నాడు. ఆ ఊరు బతికి బట్టకట్టిందంటే అందులో ఆ సంధి పాలు పెద్దదే. నాకు అన్నిటికంటే నచ్చేవి అక్కడి ‘ఆదివారం ఇళ్ళు’. దూరపు పొలాల వాళ్ళు శనివారం సరుకులకి వచ్చి, రాత్రి ఉండి, ఆదివారం చర్చి చూసుకుని వెళ్ళేవారు. సంతకొచ్చి చెట్టుకింద బండి విప్పుకుని పడుకోవడం మనకి తెలుసు. వీళ్ళు ఆ ఒక్క రాత్రికోసం ఏకంగా ఇల్లే కట్టుకున్నారు! చిన్న గది, పైన అటక, దానికి బయటినుంచి మెట్లు. పయనీర్ మ్యూజియంలో లోపలికెళ్ళి చూడొచ్చు. మార్కెట్ చౌకులోని ఎనిమిది పలకల చర్చి మాత్రం పాతది కాదు, 1935లో కట్టిన నమూనా. మెయిన్ స్ట్రీట్‌లో అడుగడుగునా వైన్ కొట్లు, అదొక్కటే విసుగు.

శాకాహారులకి రెండు చోట్లా బంగాళాదుంపలే దిక్కు. పులిహోర కట్టుకెళ్ళండి.

నా ఓటు ఫ్రెడరిక్స్‌బర్గ్‌కే. అక్కణ్ణుంచి అరగంటలో కంఫర్ట్ అనే చిన్న ఊరొస్తుంది. అంతర్యుద్ధంలో దక్షిణాది పక్షం చేరడం ఇష్టంలేని జర్మన్లు 1862లో మెక్సికో వైపు పోతుంటే, కాన్ఫెడరేట్ (దక్షిణాది) సైనికులు న్యూసెస్ నది దగ్గర చంపేశారు. వాళ్ళ పేర్లతో 1866లో కంఫర్ట్‌లో ఒక రాతిస్తంభం నిలిపారు. దానిమీద జర్మన్‌లో ఇలా ఉంటుంది: ‘ట్రాయె డెర్ యూనియన్’, అంటే యూనియన్‌కి (ఉత్తరాది పక్షానికి) విధేయత.