నయాగరా 4 హిస్టరీ ఎక్స్‌టెన్షన్లు: ఇంజన్ గట్టిది, డిఫాల్ట్ సెట్టింగులే నమ్మదగ్గవి కావు

భవనాల్లో ఏసీలు, పంపులు, మీటర్లను నడిపి గమనించే సాఫ్ట్‌వేర్ ట్రైడియం వారి నయాగరా 4. అందులో కంట్రోల్ పాయింట్ల (ఒక్కో సెన్సర్ లేదా స్విచ్ విలువ) రీడింగులు దాచే పని హిస్టరీ ఎక్స్‌టెన్షన్లది. సరిగ్గా అమర్చితే ఏళ్ల తరబడి నిలకడగా పనిచేస్తాయి. పాలెట్ (రెడీమేడ్ భాగాల జాబితా) నుంచి లాగి పాయింటు మీద వదిలేసి ఊరుకుంటే మాత్రం, డేటా కావలసిన రోజున ఏమీ మిగలదు.

నయాగరా సెట్టింగులు చేసే వర్క్‌బెంచ్‌లో హిస్టరీ పాలెట్ తెరిచి, ఉష్ణోగ్రత పాయింటు మీద న్యూమరిక్ ఇంటర్వెల్ (నిర్ణీత వ్యవధికొకసారి రాసేది), పంపు ఆన్-ఆఫ్ స్థితి మీద బూలియన్ సీఓవీ (విలువ మారినప్పుడే రాసేది) వదలాలి. ఎక్స్‌టెన్షన్ ఎనేబుల్ కాకుండానే వస్తుంది, దాన్ని ట్రూ చేయడం చాలామంది మరిచిపోతారు. అంతకంటే ముందు పేరు చూడాలి. డిఫాల్ట్‌గా పాయింటు పేరే హిస్టరీ పేరవుతుంది. పది ఏహెచ్‌యూల్లో (గాలిని చల్లబరిచి పంపే యూనిట్లు) పదింటికీ 'సప్లై టెంప్' అనే పాయింటు ఉంటే మొదటిది రికార్డవుతుంది, మిగతావి డూప్లికేట్ ఐడీతో ఫాల్ట్‌లోకి పోతాయి. నేమ్ ఫార్మాట్‌లో పేరెంట్ పదాన్ని మూడుసార్లు వాడి డివైస్ పేరును ముందు చేర్చాలి. పాయింటు ఏదైనా ఫోల్డర్‌లో ఉంటే ఇంకొక మెట్టు పైకి వెళ్లాలి.

ఒక్కో హిస్టరీ కెపాసిటీ డిఫాల్ట్ 500 రికార్డులు. 15 నిమిషాలకొకటి చొప్పున రోజుకు 96, అంటే ఐదు రోజుల పైచిలుకు మాత్రమే. ఫుల్ పాలసీ 'రోల్' అయితే పాతవి చెరిగిపోతాయి, 'స్టాప్' అయితే కొత్తవి రావు. ఏడాది నిల్వకు 35,040 కావాలి. అంత భారం సైటులో ఉండే జేస్ కంట్రోలర్ మీద మోపకుండా, అక్కడ రెండు వారాలకు సరిపడా 1,344 ఉంచి, సూపర్‌వైజర్ (సెంట్రల్ సర్వర్)లోకి రోజూ ఇంపోర్ట్ చేయించడం మేలు. సీఓవీ పెట్టిన అనలాగ్ పాయింటుకు చేంజ్ టాలరెన్స్ (ఎంత మారితే రాయాలో చెప్పే హద్దు) సున్నాగా వదిలితే, 5 సెకన్ల పోలింగ్‌లో (డివైస్‌ను పదేపదే విలువ అడగడం) విలువ ప్రతిసారీ అటూ ఇటూ కదిలితే 42 నిమిషాల్లో 500 నిండిపోతాయి. చిల్డ్ వాటర్ ఉష్ణోగ్రతకు 0.3 డిగ్రీలు ఇస్తే చాలు.

ఎనర్జీ మీటర్ల దగ్గర అసలు చిక్కు ప్రెసిషన్‌తో, అంటే అంకెను ఎన్ని బిట్లలో దాస్తారన్న సెట్టింగుతో వస్తుంది. డిఫాల్ట్ 32 బిట్. అందులో 16,777,216 దాటాక ఒక్కొక్కటిగా పెరిగే అంకెలన్నీ నిలవవు. మీటరు వాట్-అవర్లలో రీడింగ్ ఇస్తే ఈ గీత 16,777 యూనిట్ల దగ్గరే తగులుతుంది. ఆపైన తేడా లెక్క తప్పడం మొదలై, రీడింగు పెరిగేకొద్దీ ముదురుతుంది. తక్కువ లోడు మీద చార్టులో డెల్టా నొక్కితే కాసేపు సున్నా, ఆ వెంటనే ఒక్క దూకుడు కనిపిస్తాయి. మీటరు పాడైందని మార్చేయడానికి ముందు ఇది చూడండి. కూడుతూ పోయే ప్రతి రీడింగుకూ మొదటిరోజే 64 బిట్ పెట్టాలి.

మొదటిరోజే అనడానికి కారణం ఉంది. రికార్డులు మొదలయ్యాక ఇంటర్వెల్ గానీ విలువ రకం (32 బిట్, 64 బిట్ లాంటిది) గానీ మారిస్తే హిస్టరీ రెండుగా చీలి, పేరు చివర సీఎఫ్‌జీ0 లాంటి తోకతో ఇంకొకటి పుడుతుంది. చార్టులు, రిపోర్టులు పాత పేరునే చూస్తుంటాయి కాబట్టి రెంటినీ చేత్తో అతకాల్సి వస్తుంది. ఈ డిజైన్ డేటాను కాపాడుతుంది నిజమే, కానీ మార్చేముందు గట్టిగా హెచ్చరించాల్సింది.

ఎనేబుల్ అయిన ఎక్స్‌టెన్షన్ పాయింటును నిరంతరం సబ్‌స్క్రైబ్ చేసి (విలువ కోసం కనిపెట్టుకుని) ఉంచుతుంది. అంటే స్క్రీన్ ఎవరూ చూడకపోయినా పోలింగ్ ఆగదు. ఎంఎస్‌టీపీ లైన్ (డివైస్‌లన్నీ ఒకే తీగ పంచుకునే నెమ్మది నెట్‌వర్క్) మీద వందల పాయింట్లకు తగిలిస్తే ఆపరేటర్ ఇచ్చే కమాండ్లు కూడా నెమ్మదిస్తాయి. 15 నిమిషాల లాగ్‌కు స్లో పోలింగ్, అంటే 30 సెకన్లు, ధారాళంగా సరిపోతుంది. పాయింట్లు ఎక్కువైతే ప్రోగ్రామ్ సర్వీస్‌లోని బ్యాచ్ ఎడిటర్ అన్నింటి సెట్టింగులూ ఒకేసారి మార్చి చాలా శ్రమ తగ్గిస్తుంది. ఈ సాధనంలో మెచ్చుకోదగ్గ భాగాల్లో అదొకటి.

కంట్రోలర్ టైమ్ జోన్ ఏషియా/కోల్‌కతా అని ఉందో లేదో లాగింగ్‌కు ముందే చూడండి. యూటీసీలో ఉంటే ఉదయం 9కి మొదలైన చిల్లర్ తెల్లవారుజామున 3:30కి మొదలైనట్టు కనిపిస్తుంది.

హిస్టరీ టేబుల్‌లో స్టేటస్ కాలమ్ ఎప్పుడూ తెరిచి ఉంచుకోండి. డివైస్ డౌన్ అయినా చివరి విలువే రికార్డవుతూ ఉంటుంది. చార్టులో తిన్నగా సాగే గీత చూసి గది ఉష్ణోగ్రత నిలకడగా ఉందనుకుంటాం. ఆ వరుసల పక్కన 'డౌన్' అని రాసి ఉంటుంది.