లిసానుల్ అరబ్: చివరి హల్లు పట్టుకుని వెతికే నిఘంటువు

లిసానుల్ అరబ్ అనే పాత అరబ్బీ నిఘంటువును కూర్చిన ఇబ్న్ మన్‌జూర్ ఎవరో, అది ఎంత పెద్దదో అరబ్బీ చదివేవాళ్లకు చెప్పక్కర్లేదు. ఏళ్ల తరబడి వాడాక కూడా నేను దీన్ని వదలకపోవడానికి కారణం ఒక్కటే, దాని వరుస. బేరూత్‌లోని దార్ సాదిర్ అనే ప్రచురణ సంస్థ వేసిన 15 సంపుటాల ముద్రణ గురించి రాస్తున్నాను.

అరబ్బీ మాటకు మూలం ధాతువు, అంటే మామూలుగా మూడు హల్లులు. ధాతువులో చివరి హల్లును బట్టి బాబ్ (అధ్యాయం), మొదటి హల్లును బట్టి ఫస్ల్ (అధ్యాయంలో భాగం), ఆ తర్వాతే మధ్య హల్లు. ‘లిసాన్’ (నాలుక, భాష) కోసం దీర్ఘం తీసేస్తే లామ్ (ల), సీన్ (స), నూన్ (న) మిగులుతాయి. 13వ సంపుటిలో నూన్ బాబ్, అందులో లామ్ ఫస్ల్, సీన్ దగ్గర ఆగాలి. ఇదే ధాతువు నుంచి వచ్చిన అల్సున్, ములస్సన్ లాంటి రూపాల్లో ముందు ఏ అక్షరం చేరినా చివరి నూన్ కదలదు. ప్రాస వెతికే కవికి మరీ సుఖం.

దొరికాక విందే. నాలుక అనే అర్థంలో పుంలింగం, బహువచనం అల్సినా. భాష అనే అర్థంలో స్త్రీలింగంగానూ వాడతారు, అప్పుడు బహువచనం అల్సున్. కబురు అనే అర్థం కూడా ఉంది, దానికి పాత పద్యపాదం సాక్ష్యం. మొన నాలుకలా సన్నగా తీర్చిన చెప్పు ‘ములస్సనా’.

ఈ వరుస దెబ్బతినేది వావ్ (వ), యా (య) అక్షరాల దగ్గర. భాషకు మామూలు మాట ‘లుగా’నే తీసుకోండి. చివర కనిపించే తా ధాతువులోది కాదు, ధాతువు లామ్, గైన్, వావ్. తా బాబ్‌లోనో హా బాబ్‌లోనో వెతికితే రోజంతా గడిచినా దొరకదు. ‘ఇస్మ్’ (పేరు) కూడా అంతే, అది సీన్, మీమ్, వావ్. పైగా వావ్, యా రెండూ ఒకే బాబ్‌లో కలిపేశారు. ఆ బాబ్ 14, 15 సంపుటాలు రెండింటినీ మింగింది. అక్కడ చివరి హల్లు తెలిసినా ఒరిగేదేమీ లేదు, ఫస్ల్ పట్టుకుని పోవాల్సిందే. ‘లుగా’ 15లో ఉంది.

ఇందాక విందు అన్నాను గానీ, వడ్డనకు క్రమం లేదు. ఐదు పాత గ్రంథాల నుంచి తెచ్చి కూర్చడం వల్ల ఒకే వివరణ రెండు మూడు చోట్ల మళ్లీ వస్తుంది. తప్పొప్పులు మూలగ్రంథాలవేనని ముందుమాటలో ఆయనే చెప్పుకున్నాడు.

అరబ్బీ నుంచి వేరే భాషలు అరువు తీసుకున్న మాటలకు ఇది పనికిరాదు. ఉర్దూలో భాషాశాస్త్రం ‘లిసానియాత్’, మలయ్‌లో ‘లిసాన్’ అంటే మౌఖికం, మౌఖిక పరీక్ష ‘ఉజియాన్ లిసాన్’. ఒట్టోమన్ టర్కీలో భాష ‘లిసాన్’, తర్వాత భాష అనే అర్థంలోనే ‘దిల్’ అనే టర్కీ మాట దాని చోటు తీసుకుంది. ఇవేవీ ఇందులో ఉండవు. హైదరాబాద్‌లో ఉర్దూ మీదుగా అరబ్బీకి వచ్చేవాళ్లయితే ముందు ఉర్దూ నిఘంటువే కొనుక్కోండి. పాత కవిత్వం చదివే నాకు ఇది లేకపోతే గడవదు. వరుసే అడ్డమనిపిస్తే, మొదటి హల్లు ప్రకారం తిరగ పేర్చిన కైరో దార్ అల్ మఆరిఫ్ ముద్రణ ఉంది.