రేపటి ధరల గురించి ఎవరి మాట వినాలి: ఇంటివారిదా, నిపుణులదా?

రెండు నెలలకొకసారి రిజర్వ్ బ్యాంకు ద్రవ్య విధాన సమీక్ష వెలువడగానే పాఠకుల నుంచి నాకు తప్పకుండా వచ్చే ప్రశ్న ఒకటుంది. రెపో రేటు (బ్యాంకులకు రిజర్వ్ బ్యాంకు ఇచ్చే అప్పు మీద వడ్డీ) నిర్ణయంతో పాటు బ్యాంకు ఆ రోజే కొన్ని సర్వేల ఫలితాలు కూడా బయటపెడుతుంది. వాటిలో ఒకటి నగరాల్లోని కుటుంబాలను అడిగి తయారు చేసింది. మరొకటి బ్యాంకులు, పరిశోధన సంస్థల్లో పనిచేసే ముప్పై నలభై మంది ఆర్థిక నిపుణులను అడిగి తయారు చేసింది. ధరలు ఎంత వేగంగా పెరుగుతాయన్నదే రెండింటిలోనూ ప్రశ్న. జవాబులు మాత్రం ఎన్నడూ కలవవు. ‘ఏది నమ్మమంటారు?’ అని అడుగుతారు.

2025 చివరి నెలల్లో ఈ ప్రశ్న మరీ ఎక్కువైంది, అందుకు కారణమూ ఉంది. ఆ అక్టోబరులో వినియోగదారుల ధరల ద్రవ్యోల్బణం, అంటే ఏడాది కిందటితో పోలిస్తే ధరల పెరుగుదల, 0.25 శాతం. 2012 ఆధార సంవత్సరంగా ఉన్న సూచీలో అంత తక్కువ ఎప్పుడూ నమోదు కాలేదు. ఆ తర్వాతి నెల కుటుంబాలను అడిగితే ఇప్పుడు ధరలు ఆరు శాతానికి పైనే పెరుగుతున్నాయన్నాయి. ఏడాది తర్వాత ఇంకా ఎక్కువ ఉంటుందన్నాయి. ఒక పాఠకుడు దీనికి చాలా నొచ్చుకుంటూ రాశారు. జనానికి లెక్కలు రావా, లేక ప్రభుత్వానికి నిజం చెప్పడం రాదా అని. నా దృష్టిలో ఆ రెండూ సరైన అనుమానాలు కావు.

మిగతా కొలమానాల గురించి రెండు ముక్కల్లో చెప్పేస్తాను. అమెరికాలో ధరలతో ముడిపెట్టిన ప్రభుత్వ బాండ్లు 1997 నుంచి ఉన్నాయి. మామూలు బాండు రాబడికీ వాటి రాబడికీ ఉన్న తేడా చూసి మార్కెట్టు అంచనా ఏమిటో రోజూ లెక్కగట్టవచ్చు. మన దగ్గర 2013 జూన్‌లో టోకు ధరలతో ముడిపెట్టి కొన్ని బాండ్లు తెచ్చారు. ఆ డిసెంబరులో సామాన్య మదుపరుల కోసం వినియోగదారుల ధరలతో ముడిపెట్టి మరొక పథకం తెచ్చారు. ఆదరణ రాలేదు. అందుచేత మనకు ఆ దారి మూసుకుపోయినట్లే. ఇక మేనేజ్‌మెంటు విద్యాసంస్థ అహ్మదాబాద్ ఐఐఎం 2017 నుంచి కంపెనీలను ఖర్చుల గురించి అడుగుతోంది. అది మంచి ప్రయత్నమే, కానీ జవాబిచ్చేవి ఎక్కువగా తయారీ రంగ సంస్థలు. కాబట్టి పోటీ ప్రధానంగా మొదటి రెండింటి మధ్యే.

ఈ రెండు సర్వేలూ మన కడప జిల్లాకు చెందిన వై.వి.రెడ్డి రిజర్వ్ బ్యాంకు గవర్నర్‌గా ఉన్న కాలంలోనే మొదలయ్యాయి. కుటుంబాల సర్వే 2005 సెప్టెంబరులో 12 నగరాలతో మొదలైంది. నిపుణుల సర్వే 2007లో వచ్చింది. ఇప్పుడు కుటుంబాల సర్వే 19 నగరాల్లో సుమారు ఆరు వేల ఇళ్ల తలుపు తడుతోంది. గృహిణులు, రోజు కూలీలు, సొంత వ్యాపారులు, ఉద్యోగులు, పింఛనుదారులు అందరూ అందులో ఉంటారు.

కచ్చితత్వమే గీటురాయి అయితే నిపుణులదే పైచేయి. వారి అంచనా చాలాసార్లు అసలు అంకెకు దగ్గరగానే ఉంటుంది. కుటుంబాల అంచనా ఎప్పుడూ అసలు అంకెకంటే పైనే తేలుతుంది. 2024-25లో సగటు ద్రవ్యోల్బణం 4.6 శాతం ఉంటే కుటుంబాలు ఎనిమిది శాతం దరిదాపుల్లో చెబుతూ వచ్చాయి. ఏడాది తర్వాతి అంచనా అంతకంటే మరో ఒకటి రెండు శాతాలు ఎక్కువ చెప్పడం రివాజు. ఫిక్సెడ్ డిపాజిట్ మీద అసలు లాభమెంతో తేల్చుకోవడానికి ఏ అంకె వాడాలని అడిగేవారికి నేను మొహమాటం లేకుండా నిపుణుల అంకే వాడమంటాను. 2016 జనవరిలో అప్పటి రిజర్వ్ బ్యాంకు గవర్నర్ రఘురామ్ రాజన్ ఒక ఉపన్యాసంలో దోసెలతో చెప్పిన లెక్క ఇక్కడ పనికొస్తుంది. దోసె యాభై రూపాయలు, చేతిలో లక్ష రూపాయలు. వడ్డీ పది శాతం, ధరల పెరుగుదలా పది శాతం అయితే ఏడాది తర్వాత అసలూ వడ్డీ కలిపినా అవే రెండు వేల దోసెలు వస్తాయి. వడ్డీ ఎనిమిది శాతానికి తగ్గినా ధరలు అయిదున్నర శాతమే పెరిగితే దాదాపు 2,048 దోసెలు వస్తాయి. ఈ లెక్కలో ధరల పెరుగుదల దగ్గర కుటుంబాలు చెప్పే తొమ్మిది, పది శాతం పెడితే ప్రతి డిపాజిట్టూ నష్టంగానే కనిపిస్తుంది.

నిపుణుల కచ్చితత్వాన్ని కూడా మరీ నెత్తికెత్తుకోకూడదు. 2025-26 సంవత్సరానికి రిజర్వ్ బ్యాంకు సొంత అంచనా ఎలా నడిచిందో చూడండి. ఫిబ్రవరిలో 4.2 శాతం. ఏప్రిల్‌లో 4, జూన్‌లో 3.7, ఆగస్టులో 3.1, అక్టోబరులో 2.6, డిసెంబరులో 2. ప్రతిసారీ ఒకే దిశలో సవరణ. దేశంలో అందరికంటే ఎక్కువ సమాచారం, అందరికంటే మంచి గణిత నమూనాలు ఉన్న సంస్థ పరిస్థితే ఇది. వానలు బాగా పడి కూరగాయలు, పప్పుల ధరలు ఇంతగా దిగివస్తాయని ఏ నమూనా ముందుగా చెప్పగలదు?

అసలు కుటుంబాలు ఎందుకంత ఎక్కువ చెబుతాయి? సర్వే చేసేవారు అడిగేది పెరుగుదల వేగం గురించి. ఇంట్లోవారు జవాబిచ్చేది ధర గురించి. కందిపప్పు నూరు రూపాయల నుంచి నూట అరవైకి ఎక్కి అక్కడే ఆగిపోయిందనుకోండి. గణాంకాల ప్రకారం ఏడాది తర్వాత దాని ద్రవ్యోల్బణం సున్నా. కొనే మనిషికి ఆ నూట అరవై ఇంకా మంటగానే ఉంటుంది. పైగా మనసులో నిలిచేది రోజూ కొనే వస్తువు. 2023 జులైలో టమాటా ధర ఏడాది కిందటితో పోలిస్తే మూడింతలైంది. ఆ రోజుల్లో మదనపల్లె మార్కెట్టు వార్తలు చదివినవారికి అది నేటికీ గుర్తుండే ఉంటుంది. అదే కాలంలో చవకైన వస్తువేదైనా ఉంటే దాన్ని గుర్తుపెట్టుకున్నవారు నాకు కనబడలేదు.

ఈ విషయం మీద నాకు బాగా నచ్చిన పరిశోధన అమెరికాలో జరిగింది. ఫ్రాన్సెస్కో డకుంటో, ఉల్రికే మాల్మెండియర్, మైఖేల్ వెబర్ అనే ముగ్గురు 2021లో ప్రచురించారు. ధరలు పెరుగుతాయన్న అంచనా మగవారికంటే ఆడవారిలో ఎక్కువగా ఉంటుందని అంతకుముందే తెలుసు. ఆ తేడా ఎక్కడి నుంచి వస్తోందని వీరు ఇళ్లవారీగా పరిశీలించారు. భార్యాభర్తలిద్దరూ సరుకులు కొనే ఇళ్లలో ఆ తేడా కనిపించలేదు. అంటే విషయం చదువులోనో తెలివిలోనో లేదు, సంచీ ఎవరి చేతిలో ఉందన్నదానిలో ఉంది. మన సర్వేలో గృహిణి చెప్పే పది శాతాన్ని అజ్ఞానమని కొట్టిపారేసేవారు ఈ ఫలితాన్ని ఒకసారి నిదానంగా చదవాలి.

నా దృష్టిలో తేల్చవలసిన అసలు విషయం ఇక్కడే ఉంది. జోస్యం ఎవరిది ఫలించింది అని చూడడం కంటే, ఆ జోస్యాన్ని నమ్మి ఎవరు ఏం చేస్తారు అని చూడాలి. ధరలు పెరుగుతాయని నిపుణుడు అనుకుంటే ఒక నివేదిక రాస్తాడు. అదే మాట కోట్ల కుటుంబాలు అనుకుంటే ఇంటి యజమాని అద్దె ఒప్పందంలో పెంపు ఎక్కువ రాయిస్తాడు. ఇంట్లో పనిచేసే అమ్మాయి జీతం పెంచమంటుంది. మేస్త్రీ కూలి రేటు మారుస్తాడు. బ్యాంకులో ఉన్న డబ్బు బంగారం కొట్టుకు వెళుతుంది. ఇవన్నీ కలిసి ఆ అంచనాను నిజం చేస్తాయి. ద్రవ్య విధానం అదుపు చేయాలనుకునేది సరిగ్గా ఈ గొలుసునే.

దీనికి దూరం వెళ్లి ఉదాహరణ వెతకనక్కర్లేదు. దువ్వూరి సుబ్బారావు గవర్నర్‌గా ఉన్న కాలమే చూడండి. 2010 మార్చి నుంచి 2011 అక్టోబరు వరకు రిజర్వ్ బ్యాంకు 13 సార్లు వడ్డీ రేట్లు పెంచింది. అయినా కుటుంబాల అంచనాలు రెండంకెల్లోనే ఉండిపోయాయి. అప్పట్లో బ్యాంకు ప్రధానంగా టోకు ధరల సూచీని కొలమానంగా చూసేది, అందులో పెరుగుదల కాస్త తక్కువగా కనబడేది. చిల్లర ధరలు మాత్రం పది శాతం చుట్టూ తిరుగుతుండేవి. జనం ఆ పది శాతంలోనే బతికారు. బ్యాంకు డిపాజిట్టు మీద నమ్మకం సడలి బంగారం వైపు మళ్లారు. బంగారం దిగుమతుల బరువు కూడా తోడై 2012-13లో కరెంటు ఖాతా లోటు (దేశంలోకి వచ్చే విదేశీ రాబడికంటే బయటికి చెల్లించేది ఎంత ఎక్కువో చెప్పే అంకె) స్థూల దేశీయోత్పత్తిలో 4.8 శాతానికి చేరింది. ఆ తర్వాత 2013 ఆగస్టు నాటికి రూపాయి ఎలా పడిందో అందరికీ తెలుసు. ఆ కాలంలో కుటుంబాలు చెప్పిన అంకె ఎంత తప్పు అని వాదించుకోవచ్చు. వారు చేసిన పని మాత్రం దేశానికి నిజమైన కష్టం తెచ్చింది.

ద్రవ్య విధానం మీద రిజర్వ్ బ్యాంకు వేసిన ఉర్జిత్ పటేల్ కమిటీ 2014 జనవరిలో ఇచ్చిన నివేదికలో కుటుంబాల అంచనాలకు అంత చోటు దక్కడానికి ఈ అనుభవమే నేపథ్యం. టోకు సూచీని పక్కనపెట్టి వినియోగదారుల ధరల సూచీకి నాలుగు శాతం లక్ష్యం పెట్టాలన్నది ఆ కమిటీయే. ఆ సూచీలో ఆహారం, ఇంధనం వాటా సగానికి పైగా ఉంది కదా, వాటిని వడ్డీ రేటు ఏం చేయగలదని అప్పుడే అభ్యంతరం వచ్చింది. మిగతా ధరల కుదుపులకంటే ఆహార, ఇంధన ధరల కుదుపులే జనం అంచనాలను ఎక్కువగా, ఎక్కువ కాలం కదిలిస్తాయని కమిటీ లెక్కలు చూపించింది. 2016లో చట్టం మారింది, లక్ష్యం నాలుగు శాతమైంది, అటూ ఇటూ రెండు శాతం వెసులుబాటు ఇచ్చారు.

ఆహారాన్ని లక్ష్యం నుంచి తప్పించాలన్న వాదన 2024 జులైలో వచ్చిన కేంద్ర ప్రభుత్వ ఆర్థిక సర్వేతో మళ్లీ ఊపందుకుంది. 2025 ఆగస్టులో రిజర్వ్ బ్యాంకు కూడా తన చర్చాపత్రంలో ఇదే ప్రశ్నను అందరి ముందూ ఉంచింది. నేను ఆ వాదనకు ఒప్పుకోను. ఉల్లి, టమాటా, పాలు చూసి మనిషి రేపటి ధరను ఊహిస్తున్నప్పుడు వాటిని తీసేసిన సూచీ ఎవరి ఊహకు కళ్లెం వేస్తుంది? నిపుణుల సర్వే ఒక్కటే చూసేవారికి ఈ చిక్కు కనబడదు, ఎందుకంటే నిపుణులు టమాటా ధరను తాత్కాలికమని పక్కన పెట్టగలరు.

నేను మొగ్గు చూపే కుటుంబాల సర్వేలోనూ ప్రమాదముంది. 2022 జూన్‌లో అమెరికా కేంద్ర బ్యాంకు ఫెడరల్ రిజర్వ్ ఒక్కసారిగా ముప్పావు శాతం వడ్డీ పెంచింది. 1994 తర్వాత అంత పెంపు అదే మొదలు. మిషిగన్ విశ్వవిద్యాలయం కుటుంబాల సర్వేలో దీర్ఘకాల అంచనా 3.3 శాతానికి ఎగబాకడం తమ దృష్టిని ఆకర్షించిందని ఛైర్మన్ జెరోమ్ పావెల్ ఆ రోజే చెప్పారు. అది తొలి అంకె. కొద్ది రోజులకు తుది అంకె 3.1 శాతంగా వచ్చింది. ఒక్క నెల అంకె పట్టుకుని పరుగెత్తడం ఎంత ప్రమాదమో ఇంతకంటే బాగా చెప్పే ఉదాహరణ నాకు తెలియదు. అసలు అంచనాలకు ఇంత ప్రాధాన్యం ఇవ్వడానికి గట్టి ఆధారాలున్నాయా అని ఆ ఫెడరల్ రిజర్వ్‌లోనే పనిచేసే జెరెమీ రడ్ 2021లో సూటిగా ప్రశ్నించారు. జనం ధరల గురించి ఆలోచించనవసరం లేని స్థితే మేలైనదన్నది ఆయన మాటల సారం. అది నాకు చాలావరకు సరైనదనిపిస్తుంది. ఆ స్థితి వచ్చిందో లేదో తెలుసుకోవాలన్నా మళ్లీ ఇళ్లకు వెళ్లి అడగాల్సిందే.

కాబట్టి కుటుంబాల సర్వేలో మధ్యస్థ అంకెను (జవాబులన్నీ వరుసగా పేరిస్తే నడుమ వచ్చేదాన్ని) నేను థర్మామీటరు చూపే కచ్చితమైన ఉష్ణోగ్రతలా చదవను. పోయిన విడతకూ ఈ విడతకూ మార్పు ఎటు ఉంది? ఇప్పటి ధరల గురించి చెప్పినదానికీ ఏడాది తర్వాతి అంచనాకూ మధ్య దూరం పెరుగుతోందా? ఇప్పటికంటే వేగంగా పెరుగుతాయనేవారి వాటా ఎంత? ఈ మూడూ చూస్తాను. 2025లో కుటుంబాల అంకె ఎనిమిది పైనుంచి ఆరున్నర దాకా దిగింది. అసలు ద్రవ్యోల్బణం సున్నా దగ్గరకు వచ్చినా ఆరున్నరేనా అని నవ్వడం తేలిక. నాకు మాత్రం ఆ దిగడమే ముఖ్యంగా కనిపించింది. నిపుణుల సర్వేలో అయిదేళ్లు, పదేళ్ల తర్వాతి అంచనాలు కూడా చూస్తాను. లక్ష్యం మీద వారికి నమ్మకముందో లేదో అక్కడ తెలుస్తుంది. ఈ ఒక్క విషయంలో కుటుంబాల సర్వే మనకేమీ చెప్పదు, ఎందుకంటే అది ఏడాది దాటి అడగదు.

కుటుంబాల సర్వే మీద నాకున్న పెద్ద ఫిర్యాదు దాని అంకెల గురించి కాదు. ఆ 19 నగరాల్లో తెలుగు నేల నుంచి ఉన్నది హైదరాబాద్ ఒక్కటే. విశాఖపట్నం లేదు, విజయవాడ లేదు. ఇలాంటి చోట్ల, కూలి డబ్బులో సగానికి పైగా తిండికే పోయే ఇళ్లలో రేపటి ధర గురించి ఏమనుకుంటున్నారో తెలుసుకోకుండా వడ్డీ రేటు నిర్ణయించడం నాకు మింగుడుపడదు. కోస్తాలోనూ రాయలసీమలోనూ ఒక్కొక్క నగరాన్ని ఈ జాబితాలో చేర్చాలి. టమాటా పండించే ఊరివారినీ కొనే ఊరివారినీ ఒకే నెలలో అడిగి, ఆ రెండు జవాబులూ పక్కపక్కన పెట్టి చూడాలని నాకు ఎంతో కాలంగా ఉంది.