కాన్పు సంచిలో పాత చీర గుడ్డలా, డైపర్లా?

విజయనగరంలో అక్క కాన్పుకు సంచి సర్దుతుంటే అమ్మ పాత నూలు చీర ముక్కలు డజను పెట్టింది, ఉతికి ఎండలో ఆరబెట్టినవి. పక్కనే నేను డైపర్ల ప్యాకెట్ దూర్చాను.

గుడ్డ తడిస్తే వెంటనే తెలుస్తుంది. బిడ్డకు పాలు సరిపోతున్నాయా అన్నది ఆ తడి లెక్కే చెబుతుంది. కానీ మొదటి రెండు రోజులూ వచ్చే నల్లటి జిగట మలం గుడ్డకు పట్టిందంటే ఒక పట్టాన వదలదు. వార్డులో ఉతికేదెవరు, శ్రావణ మాసపు ముసురులో ఆరేదెక్కడ? ఆసుపత్రిలో ఉన్నన్నాళ్లూ డైపరే నయమని నా ఓటు. బొడ్డుకు తగలకుండా ముందు అంచు కిందికి మడవాలి.

తుడవడానికి, చుట్టడానికి మాత్రం పాత చీరకు సాటి లేదు. అమ్మ అక్కడే గెలిచింది. ఆధార్, తల్లీబిడ్డల కార్డు మాత్రం అన్నిటికన్నా పైన పెట్టండి.