గాలికి ఐదు గడులు, ఎండకి ఒక్కటే: క్లైంబ్ లెక్కల సాఫ్ట్‌వేర్ చాలాకాలం వాడాక

ఫ్లైట్ సిమ్యులేటర్‌లో జెట్ విమానాలు నడిపేవాళ్లు ప్రయాణానికి ముందు లెక్కలు వేసుకునే ఒక సాఫ్ట్‌వేర్ గురించి రాస్తున్నాను. పేరు రాయడం లేదు. ఇదే పద్ధతిలో లెక్క కట్టేవి ఇంకా ఉన్నాయి, ఏది వాడుతున్నా ఈ ఒక్క సంగతి చూసుకోవాలన్నదే నా ఉద్దేశం. ధర ఎంత, ఏ విమానాలకి పని చేస్తుంది, ఎలా ఇన్‌స్టాల్ చేసుకోవాలి లాంటివి అందరికీ తెలిసినవే కాబట్టి వదిలేస్తున్నాను. నెల్లూరులో మా ఇంట్లో కూర్చుని కొన్నేళ్లుగా వాడుతున్నాను, ఎక్కువగా 737-800కి. ఇందులో నాకు బాగా నచ్చిందీ, బాగా కోపం తెప్పించిందీ ఒకే పేజీలో ఉన్నాయి. అది క్లైంబ్ పేజీ, అంటే రన్‌వే వదిలినప్పటి నుంచి ఎగరాల్సిన ఎత్తు అందుకునేదాకా లెక్క చూపించే పేజీ.

అచ్చు పట్టికలతో నేర్చుకున్నవాళ్లకి ఈ పేజీ విలువ వెంటనే తెలుస్తుంది. పట్టికలో బ్రేకులు వదిలేటప్పటి బరువు, ఎక్కాల్సిన ఎత్తు చూస్తే మూడు అంకెలు దొరుకుతాయి: ఎన్ని నిమిషాలు, ఎంత ఇంధనం, గాలిలో ఎన్ని మైళ్లు. మధ్యలో ఏం జరిగిందో పట్టిక చెప్పదు. ఈ సాఫ్ట్‌వేర్ రెండు వేల అడుగులకి ఒకసారి లెక్క కట్టి గీత గీసి చూపిస్తుంది. 737ని 10 వేల అడుగుల దాకా 250 నాట్స్ (గంటకి 250 నాటికల్ మైళ్లు), ఆ పైన 280, చివర్లో మాక్ 0.78 (ధ్వని వేగంలో 78 శాతం) మీద ఎక్కిస్తే, 280 నుంచి మాక్‌కి మారేది సుమారు 32,500 అడుగుల దగ్గర. అప్పటిదాకా మీటర్ మీద వేగం ఒకటే కనిపిస్తున్నా, గాలి పలచబడే కొద్దీ అసలు వేగం పెరుగుతూనే ఉంటుంది. ఇంజిన్ల బలంలో కొంత ఆ వేగం పెంచడానికే పోతుంది. మాక్‌కి మారాక పైకి వెళ్లే కొద్దీ గాలి చల్లబడి, ధ్వని వేగంతో పాటే అసలు వేగం మెల్లగా తగ్గుతుంది, కాబట్టి ఆ బలం ఎక్కడానికి మిగులుతుంది. దాంతో, అంతవరకూ పడిపోతూ వచ్చిన రేట్ ఆఫ్ క్లైంబ్ (నిమిషానికి ఎన్ని అడుగులు ఎక్కుతుందన్నది) అక్కడ కాస్త లేస్తుంది. పుస్తకంలో ఎన్నిసార్లు చదివినా తలకెక్కని ఈ ముక్క, ఆ గీతలో చిన్న మెలికగా కనపడగానే అర్థమైపోయింది. పైలట్ లైసెన్స్ పరీక్షలకి చదువుతున్న మా మేనల్లుడికి కూడా దీన్ని చూపించే చెప్పాను.

గాలి సంగతి ఇంకా బాగుంది. ఐదు ఎత్తుల్లో గాలి దిశ, వేగం విడివిడిగా ఇవ్వొచ్చు. క్లైంబ్ లెక్కలో చాలామంది పట్టించుకోనిది ఇదే. పట్టిక ఇచ్చేది గాలిలో వెళ్లిన దూరం, నేల మీద దూరం కాదు. ఉదాహరణకి గాలిలో 120 నాటికల్ మైళ్లు, సగటు అసలు వేగం 390 నాట్స్ అనుకుందాం. ఎదురుగాలి సగటున 80 ఉంటే నేల మీద 95 మైళ్లకే పై ఎత్తు అందుతుంది. అదే 80 వెనక నుంచి తోస్తే 145 మైళ్లు పడుతుంది. చలికాలంలో ఢిల్లీ మీద జెట్ స్ట్రీమ్ (పై ఎత్తుల్లోని బలమైన గాలి) వీచేటప్పుడు ఇవి మామూలుగా చూసే అంకెలే. ఈ లెక్కలో సాఫ్ట్‌వేర్ నన్ను ఎప్పుడూ ఇబ్బంది పెట్టలేదు. వాడిన కొత్తలో స్నేహితులందరికీ ఇదే కొనుక్కోమని చెప్పాను.

ఆ మాటకి ఇప్పుడు కొంచెం సవరణ ఉంది. గీత బాగుంటుంది గానీ, 10 వేల అడుగుల దగ్గర 250 నుంచి 280కి పెంచేటప్పుడు విమానం ముక్కు దించి వేగం అందుకుంటుంది కదా, ఆ కాసేపు అందులో కనపడదు. 250 గీత అయిపోయిన చోటే 280 గీత మొదలవుతుంది. దీనివల్ల పెద్ద తేడా రాదు, అందుకే దీన్ని లోపంగా లెక్కపెట్టడం లేదు. లెక్కపెట్టాల్సింది వేరే ఉంది.

గాలికి ఐదు గడులు ఇచ్చినవాళ్లు ఉష్ణోగ్రతకి ఒక్కటే గడి ఇచ్చారు. అందులో ఎయిర్‌పోర్టులో ఉన్న ఉష్ణోగ్రత వేయాలి. సాఫ్ట్‌వేర్ దాన్ని ప్రామాణిక వాతావరణంతో, అంటే సముద్రమట్టంలో 15 డిగ్రీలు ఉండి వెయ్యి అడుగులకి రెండేసి డిగ్రీలు తగ్గే ఐసా లెక్కతో పోల్చుతుంది. ఎంత తేడా వస్తే ఆ తేడాని పై ఎత్తు దాకా అలాగే మోసుకుపోతుంది. గాలి వేడిగా ఉండే కొద్దీ ఇంజిన్ల బలం తగ్గి విమానం నెమ్మదిగా ఎక్కుతుంది కాబట్టి, ఈ అంకె మీదే క్లైంబ్ లెక్కంతా ఆధారపడుతుంది. మే నెలలో మైపాడు బీచ్‌లో ఇసుక మీద కాలు పెట్టి, లోపల సముద్రం కూడా ఇంతే కాలుతుంటుందని అనుకున్నట్టు.

ఇది నాకు బాగా తెలిసొచ్చింది ఒక మే నెల మధ్యాహ్నం వేసిన చెన్నై–లక్నో ప్రయాణంలో. చెన్నైలో 41 డిగ్రీలు. గడిలో 41 వేశాను. సాఫ్ట్‌వేర్ ఐసా ప్లస్ 26 అని చూపించి, 35 వేల అడుగుల దాకా ప్లస్ 26 గానే లెక్క కట్టింది. ఈ దారి నేరుగా గీస్తే దాదాపు ఉత్తరానికి, మా ఊరి మీదుగానే పోతుంది. చెన్నై విమానాశ్రయం నుంచి నెల్లూరు 88 నాటికల్ మైళ్లు, కావలి 115 పైన, ఒంగోలు 150 దాకా ఉంటుంది. సాఫ్ట్‌వేర్ ప్రకారం విమానం 35 వేలు అందుకునేది ఒంగోలు దాటబోతుండగా. పైగా అంత వేడిలో 35 వేలు మొదట్లోనే వద్దు, 33 వేలకి వెళ్లమని పసుపు రంగులో ఒక సలహా కూడా ఇచ్చింది.

మేనల్లుడు పక్కనే కూర్చుని ఉన్నాడు. “మామా, కింద ఇంత ఎండ ఉంటే పైన కూడా అంతే ఎక్కువుంటుందా?” అన్నాడు. “ఉండదురా, చూద్దాం పద” అని 35 వేలకే వెళ్లాం. సిమ్యులేటర్‌లోకి ఆ రోజు నిజమైన పైవాతావరణం దిగుమతి అయి ఉంది. 737 ఎఫ్‌ఎంసీలో, అంటే విమానంలోని ఫ్లైట్ కంప్యూటర్‌లో, ప్రోగ్రెస్ రెండో పేజీ తెరిస్తే బయటి ఉష్ణోగ్రత, దాని పక్కనే ఐసా తేడా కనిపిస్తాయి. వాణ్ణి అది చదువుతూ ఉండమన్నాను. రన్‌వే వదిలినప్పుడు ప్లస్ 26. ఐదు వేల అడుగుల దగ్గర 19. పది వేలకి 15కి వచ్చింది. పద్దెనిమిది వేల దాకా అక్కడక్కడే ఉంది. ముప్పై వేలకి 12, ఆ పైన ముప్పై నాలుగు వేల దగ్గర 10. వాడు అంకె చదివిన ప్రతిసారీ నేను సాఫ్ట్‌వేర్ గీత మీద అదే ఎత్తు చూస్తున్నాను. అక్కడ మొదటి నుంచి చివరి దాకా 26 తప్ప ఇంకో అంకె లేదు.

కావలి దాటిన కాసేపటికి విమానం 35 వేల అడుగుల మీద సర్దుకుంది. ఒంగోలు ఇంకా ముప్పై మైళ్ల దూరంలో ఉంది.

కారణం పెద్ద రహస్యం కాదు. మన వైపు మే నెల ఎండంతా నేలని అంటిపెట్టుకున్న కింది పొరలోది. ఆ మంట తగిలే ఐదు వేల అడుగుల్లో జెట్ విమానం ఉండేది రెండు మూడు నిమిషాలు. మొత్తం ఇరవై నిమిషాల క్లైంబ్‌లో ఎక్కువ భాగం గడిచేది ఇరవై వేల పైన, ఐసా కన్నా పది నుంచి పద్నాలుగు డిగ్రీలు మాత్రమే వేడి ఉన్న గాలిలో. ఇంకా పైకి పోతే ఆ మాత్రం తేడా కూడా మిగలదు. ఐసా లెక్కలో 36 వేల అడుగుల పైన చలి మైనస్ 56.5 దగ్గర ఆగిపోతుంది. భూమధ్యరేఖకి దగ్గరున్న మన ఆకాశంలో అది ఆగదు, యాభై వేల అడుగులు దాటేదాకా చల్లబడుతూనే ఉంటుంది. అందుకే 39 వేల దగ్గర తేడా మూడు నాలుగు డిగ్రీలకి దిగిపోతుంది, ఆ పైన ఐసా కన్నా చల్లగా కూడా ఉంటుంది. చెన్నై మీనంబాకంలో వాతావరణ శాఖ ఎగరేసే బెలూన్ రీడింగులు నెట్‌లో అందరికీ దొరుకుతాయి. కావాలంటే ఏ మే నెల రోజైనా తీసి చూసుకోండి.

న్యాయంగా చెప్పాలంటే, మొత్తం ప్రయాణం ఇంధనంలో ఈ పొరపాటు వల్ల వచ్చే తేడా మరీ పెద్దదేం కాదు. క్లైంబ్‌కి ఎక్కువ ఇంధనం చూపించినా, ఆ క్లైంబ్‌లోనే ఎక్కువ దూరం వెళ్లినట్టు కూడా చూపిస్తుంది కాబట్టి, క్రూయిజ్ (పై ఎత్తులో సమంగా ఎగిరే భాగం) లెక్కలో అది చాలావరకు సర్దుకుంటుంది. నా అభ్యంతరం ఎత్తు ఎంచుకోవడం దగ్గర. అక్కర్లేకుండా 33 వేలకి దించడం, ఎక్కడ పై ఎత్తు అందుతుందో ముప్పై మైళ్లు తప్పు చెప్పడం, ఇవి ప్లానింగ్ కోసమే డబ్బు తీసుకునే సాఫ్ట్‌వేర్ చేయాల్సిన పనులు కావు.

ఎండాకాలంలో తప్పు జాగ్రత్త వైపు పోతుంది, సరే. చలికాలంలో అదే గడి రెండో వైపుకి తిప్పుతుంది. జనవరిలో ఢిల్లీలో పొగమంచు తెల్లవారుజామున 5 డిగ్రీలుంటే సాఫ్ట్‌వేర్ ఐసా మైనస్ 8 అని పట్టుకుంటుంది. ఆ చలి కూడా నేలని అంటుకున్నదే. కొన్ని వేల అడుగులు ఎక్కగానే గాలి ఐసాకి సమానంగానో, అంతకన్నా వెచ్చగానో ఉంటుంది. లెక్కలో చకచకా ఎక్కిపోయిన విమానం నిజంగా నడిపేటప్పుడు చివరి నాలుగైదు వేల అడుగుల్లో ఈడ్చుకుంటూ పోతుంది. కంట్రోలర్ ఫలానా పాయింట్‌కి ముందే ఫలానా ఎత్తు దాటమంటే, ఆ గీత చూసి ఒప్పుకున్నవాళ్లకి టెన్షన్ తప్పదు. నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇదే. ఎక్కువ చూపించే లెక్కతో ఎలాగో సర్దుకోవచ్చు, తక్కువ చూపించే లెక్కని నమ్మి బయల్దేరకూడదు.

తయారుచేసినవాళ్లకి రాశాను, ఆ ప్రోగ్రెస్ పేజీ ఫొటోలు కూడా పెట్టి. మర్యాదగానే జవాబిచ్చారు. ఎక్కువమంది వాడకందారులకి ఒక్క ఉష్ణోగ్రత సరిపోతోందని, మిగతాది తర్వాతి వెర్షన్లలో పరిశీలిస్తామని అన్నారు. తర్వాత వెర్షన్లు వచ్చాయి, రంగులు మారాయి, గడి మాత్రం ఒక్కటిగానే ఉంది. ఐదు ఎత్తుల్లో గాలి వేయించుకుంటున్నప్పుడు, ఆ గాలి ఇచ్చే వాతావరణ ఫైల్‌లోనే ఉష్ణోగ్రత కూడా ఉంటుంది. దాన్ని పక్కన పెట్టి నేల మీది థర్మామీటర్‌ని నమ్మడం ఎందుకో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

ప్రస్తుతానికి నేను చేస్తున్నది చెబుతాను. ఎక్కబోయే ఎత్తులో మూడింట రెండొంతుల దగ్గర, అంటే 35 వేలకి వెళ్తుంటే 23 వేల దగ్గర, బయటి ఉష్ణోగ్రత ఎంతో వాతావరణ ఫైల్‌లో చూస్తాను. ఐసా కన్నా 13 ఎక్కువుంటే 15కి 13 కలిపి గడిలో 28 వేస్తాను. చెన్నై, తిరుపతి, విజయవాడ లాంటి తక్కువ ఎత్తు రన్‌వేలకి ఇది బాగా కలుస్తోంది. శంషాబాద్ సముద్రమట్టానికి రెండు వేల అడుగుల పైన, బెంగళూరు మూడు వేల అడుగుల ఎత్తులో ఉన్నాయి కాబట్టి అక్కడ 15 బదులు 11 నుంచి, 9 నుంచి మొదలుపెట్టాలి.

కానీ ఒక చిక్కుంది, దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. టేకాఫ్ పేజీ కూడా అదే గడి చదువుతుంది. 737-800 ఇంజిన్లు సముద్రమట్టంలో 30 డిగ్రీల దాకా పూర్తి బలం ఇస్తాయి, అది దాటితే తగ్గుతూ పోతుంది. 41 డిగ్రీల ఎండలో 28 అని వేసి టేకాఫ్ లెక్క కడితే, లేని బలాన్ని ఉన్నట్టు నమ్మడమే. అందుకని ఒకే ప్రయాణాన్ని రెండు పేర్లతో సేవ్ చేస్తాను, ఒకటి టేకాఫ్‌కి నిజమైన ఉష్ణోగ్రతతో, ఇంకోటి క్లైంబ్‌కి. రెండోదాని టేకాఫ్ పేజీ తెరవను. ఈ జాగ్రత్త పడే ఓపిక లేనివాళ్లు పై చిట్కా జోలికే పోవద్దు.

కొనొచ్చా అంటే, మీరు ఎక్కడ ఎగురుతారన్న దాన్ని బట్టి ఉంటుంది. యూరప్‌లో మబ్బు పట్టి చల్లగా ఉన్న రోజున కిందా పైనా తేడా పెద్దగా ఉండదు, అక్కడివాళ్లకి ఈ లోపం కనపడకపోవచ్చు. కోస్తా ఎండల్లోనూ, ఉత్తరాది చలి ఉదయాల్లోనూ ఎగిరే నాలాంటివాళ్లకి కనపడుతుంది. నేను వాడేది సిమ్యులేటర్ కోసమే, నిజం విమానాల లెక్కలకి ఎయిర్‌లైన్స్ దగ్గర వేరే వ్యవస్థలుంటాయి. గాలి గడుల కోసం, ఆ గీత కోసం ఈ ఏడాది కూడా చందా కట్టాను. వచ్చే ఏడాదికి ఉష్ణోగ్రత గడులు రాకపోతే కట్టను. మా వాడు మాత్రం పరీక్ష అయ్యేదాకా అచ్చు పట్టికలే వాడతానంటున్నాడు. ఆ పట్టికల్లో ఒక్కో ఐసా తేడాకి ఒక్కో పేజీ ఉంటుంది, ఏ పేజీ తెరవాలో మనమే ఆలోచించి తేల్చుకోవాలి. వాణ్ణి మార్చమని నేను చెప్పలేదు.