టైమింగ్ లైటు ఏళ్ల తరబడి వాడాక: మా అంబాసిడర్ చైను గుట్టు విప్పింది ఇదే

కారు సామాన్ల మీద పెట్టిన డబ్బుల్లో ఒక్క రూపాయి కూడా దండగ అనిపించనిది ఏదైనా ఉందంటే అది ఈ జినాన్ టైమింగ్ లైటే. రెండు క్లిప్పులు బ్యాటరీకి, మూడోది ఒకటో నంబరు ప్లగ్గు వైరుకి, అంతే, ఆ ప్లగ్గుకి స్పార్కు పోయిన ప్రతిసారీ లైటు ఒకసారి మెరుస్తుంది. ఎలా వాడాలో చూపించే వీడియోలు బోలెడున్నాయి కాబట్టి ఆ జోలికి పోను. నేను కొన్నది డెల్కో (ప్లగ్గులకి వరసగా స్పార్కు పంచే డిస్ట్రిబ్యూటర్) సెట్ చేసుకోడానికి. కానీ ఇది నాకు చేసిన అసలు మేలు వేరు: ఇంజన్ ముందు కవరు మీద ఒక్క బోల్టు కూడా విప్పకుండానే లోపల టైమింగ్ చైను (వాల్వులు నడిపే క్యామ్‌షాఫ్ట్‌ని క్రాంక్‌తో పాటు తిప్పేది) వదులైపోయిందని పట్టిచ్చింది.

బండి 1980ల నాటి అంబాసిడర్ మార్క్ 4, పెట్రోలు, 1489 సీసీ. పెదవాల్తేరులో ఉంటాం, అంటే ఉప్పు గాలి, తుప్పు మాకు మామూలే, వాటి గురించి ఇక్కడ ఏడవను. ఒక దశలో బండికి పుల్లింగ్ తగ్గిపోయింది. బీచ్ రోడ్డు మీద భీమిలి దాకా పోతే ఏమీ తెలిసేది కాదు, సింహాచలం ఘాట్ ఎక్కితే మాత్రం సెకండ్ గేరులో కూడా ఏడుస్తూ ఎక్కేది. ఐడ్లింగ్‌లో ఇంజన్ ముందు వైపు నుంచి సన్నగా గరగర. ఒక షాపులో కార్బొరేటర్ విప్పి కడిగి కిట్టు మార్చారు, బిల్లు వేశారు. ఇంకో షాపులో ప్లగ్గులు, పాయింట్లు (డెల్కో లోపల స్పార్కు కోసం కరెంటు తెంచే స్విచ్చి), కండెన్సర్ మార్చి, చెవి ఆనించి డెల్కో కాస్త తిప్పి బిగించారు, మళ్లీ బిల్లు. తిప్పిన ప్రతిసారీ కొన్నాళ్లు బాగుండేది, మళ్లీ మొదటికే వచ్చేది. చైను అన్న మాట ఒక్కరి నోట్లోంచి రాలేదు, గరగర గురించి అడిగితే "పాత బండి కదా సార్" అన్నారు. ఆ కడుపుమంట ఇప్పటికీ ఉంది నాకు.

లైటు వచ్చాక ఒక సాయంత్రం చూశాను. సాయంత్రమే ఎందుకంటే మన వైజాగ్ ఎండలో పట్టపగలు ఈ వెలుగు ఎందుకూ పనికిరాదు. ఈ ఇంజన్‌లో క్రాంక్ పుల్లీకి ఒక గాడి ఉంటుంది, టైమింగ్ కవరు మీద మూడు ముళ్లుంటాయి, పొడుగుది టీడీసీ (పిస్టన్ పూర్తిగా పైకొచ్చే చోటు), మిగతావి దానికి ముందు 5, 10 డిగ్రీలు. గాడిలో వైట్‌నర్ పూసి, డెల్కోకి వచ్చే వాక్యూమ్ గొట్టం పీకి దాని నోరు మూసి, లైటు కొట్టాను. గాడి ఒక చోట నిలబడాలి కదా? పూనకం వచ్చినట్టు ఊగుతోంది. ఒక ముల్లు దగ్గర కనబడి, మరుక్షణం పక్క ముల్లు దాకా పోయి వస్తోంది, అంటే దాదాపు 5 డిగ్రీలు. కొంచెం రేజ్ చేస్తే ఊపు తగ్గి కాస్త సర్దుకుంటోంది, ఐడ్లింగ్‌కి రాగానే మళ్లీ అదే ఆట.

మర్నాడు కంచరపాలెంలో తెలిసిన పెద్దాయన దగ్గరికి తీసుకెళ్లాను. బాబాయ్ అంటాను ఆయన్ని, అంబాసిడర్ ఇంజన్లు కళ్లు మూసుకుని విప్పగలడు. లైటు చూసి నవ్వాడు. "ఏటి బాబూ, ఇన్నేళ్లూ చెవితోనే టైమింగ్ పెడతన్నాం, ఈ టార్చిలైటు కొత్తగా ఏటి చెప్తాది?" అన్నాడు. షెడ్డు లోపల చీకట్లోకి బండి తోసి చూపించాను. కాసేపు మాట్లాడలేదు. తరవాత తనే లైటు తీసుకుని ఇంకోసారి చూసి, "ఇది కార్బేటర్ పని కాదు, బాబూ" అని ప్లగ్గులు విప్పడం మొదలుపెట్టాడు.

అప్పుడాయన చేసిన పరీక్ష లైటు కన్నా పాతది, పైసా ఖర్చు లేనిది. డెల్కో మూత తీసి, బండిని టాప్ గేరులో పెట్టి, కుర్రాడి చేత ముందుకి కాస్త, వెనక్కి కాస్త తోయించాడు. (హ్యాండిల్ రాడ్డుతో ఎందుకు కాదంటే అది ఒక వైపుకే పట్టుకుంటుంది, వెనక్కి తిప్పలేం.) ఆయన పుల్లీ గాడి చూస్తున్నాడు, నేను డెల్కోలో తిరిగే రోటరు చూస్తున్నాను. ముందుకి తోస్తే రోటరు కదిలింది. వెనక్కి తోస్తే పుల్లీ తిరుగుతోంది కానీ రోటరు ఉలకదు పలకదు. గాడి దాదాపు రెండు ముళ్ల దూరం పోయాక గానీ రోటరులో చలనం రాలేదు. డెల్కో నడిపే పళ్ల మధ్య సహజంగా ఉండే సందు కొంత తీసేసినా మిగిలిందంతా చైనుదే. క్రాంక్ నుంచి క్యామ్‌షాఫ్ట్‌కి చైను, క్యామ్ నుంచి డెల్కోకి గేరు, ఇదీ వరస, కాబట్టి చైను వదులైతే వాల్వులూ ఆలస్యంగా కదులుతాయి, స్పార్కూ ఆలస్యమవుతుంది. ఇన్‌టేక్ వాల్వు ఆలస్యంగా మూసుకుంటే తక్కువ స్పీడులో లోపలికి పీల్చిన చార్జి (పెట్రోలు, గాలి కలిసినది) కొంత వెనక్కే పోతుంది. ఘాట్ మీద ఏడుపుకి కారణం అదే.

కవరు విప్పితే, చైనుని బిగువుగా పట్టి ఉంచే టెన్షనర్ రబ్బరు మీద చైను కోసిన గాళ్లు లోతుగా, వేలు పెడితే తెలిసేంత ఉన్నాయి. చైను ఎక్కే పళ్ల చక్రాలు, అంటే స్ప్రాకెట్లు, వాటి పళ్లు ఒక పక్కకి వంగినట్టు అరిగాయి. చైను, రెండు స్ప్రాకెట్లు, టెన్షనర్ మొత్తం మార్చాం, స్ప్రాకెట్ల మీది చుక్కలు ఎదురెదురుగా కలిపి బిగించాం. చైను ఒక్కటే మార్చి డబ్బు మిగుల్చుకుందామనుకునేవాళ్లకి చెప్తున్నా, అరిగిన పళ్ల మీద కొత్త చైను ఎక్కువ కాలం నిలవదు.

ఇంత పొగిడాక కొన్ని మాటలు ఒప్పుకోవాలి. కొన్నాళ్ల పాటు కనబడినవాళ్లందరికీ "లైటు ఒక్కటి ఉంటే చాలు" అని చెప్పేవాణ్ణి, ఇప్పుడు అంత గట్టిగా అనను. సీతమ్మధారలో ఒక స్నేహితుడి పద్మిని కారుకి కూడా పుల్లీ మార్కు ఇలాగే ఊగింది, కానీ అక్కడ దోషం డెల్కో షాఫ్ట్ బుష్‌ది. రోటరు తీసి షాఫ్ట్‌ని పక్కలకి కదిపితే లొడలొడలాడింది. మార్కు ఊగుతోందని మాత్రమే లైటు చెప్తుంది, ఎవరు ఊపుతున్నారో చెప్పదు. ఇంకో తిరకాసు, వెలుగే మధ్యలో ఆగి ఆగి వస్తుంటే అది చైను కాదు, స్పార్కు మిస్ అవుతోందని, లేదా క్లిప్పు సరిగా పట్టలేదని. మార్కు చోటు మారుతోందా, వెలుగు తప్పిపోతోందా అన్నది వేరు చేసి చూడాలి. వైర్లు ఒకదాన్నొకటి రాసుకుంటే పక్క వైరు స్పార్కుకి కూడా వెలుగుతుంది.

అన్నిటికన్నా పెద్ద లోటు, ఇది చూసేది స్పార్కునే, వాల్వుల్ని కాదు. చైను సాగినా టెన్షనర్ ఇంకా బిగువుగా పట్టుకుని ఉంటే మార్కు ఊగకుండా ఆలస్యంగా నిలబడుతుంది. డెల్కో తిప్పి ముల్లు దగ్గరికి తెచ్చేస్తే లైటు ప్రకారం అంతా సవ్యమే, వాల్వుల ఆలస్యం మాత్రం అలాగే ఉంటుంది. అందుకే తరవాత వాక్యూమ్ గేజ్ (ఇంజన్ ఎంత గట్టిగా గాలి పీలుస్తోందో చూపించేది) కూడా కొన్నాను. సముద్ర మట్టం దగ్గర మంచి ఇంజన్ ఐడ్లింగ్‌లో 17 నుంచి 21 అంగుళాల (పాదరసం లెక్కలో) మధ్య చూపించాలి. గేజ్ ముల్లు కదలకుండా అంతకన్నా తక్కువలో కూర్చుంటే వాల్వ్ టైమింగ్ మీద అనుమానం పడొచ్చు. అరకులో ఈ గేజ్ చూసి కంగారు పడకండి, అది సుమారు 900 మీటర్ల ఎత్తు, అక్కడ మూడు అంగుళాలు తగ్గడం మామూలే. పాయింట్ల గ్యాప్ కూడా ముందే చూసుకోవాలి, పాయింట్ల హీల్ (డెల్కో షాఫ్ట్‌కి రాసుకునే ముక్క) అరిగి గ్యాప్ తగ్గినా టైమింగ్ వెనక్కి పోతుంది, పాపం చైను మీద పడుతుంది.

జాగ్రత్త ఒకటి. ఈ వెలుగులో ఫ్యాను ఆగిపోయినట్టో, మెల్లగా తిరుగుతున్నట్టో కనబడుతుంది. అది ఇనుప ఫ్యాను. భుజం మీద తువ్వాలు వేసుకుని వంగకండి.

కొనాలా వద్దా అంటే, డీజిల్ అంబాసిడర్ వాళ్లకి పనికిరాదు, ప్లగ్గే లేదు కదా. కొత్త కార్లకి స్కానర్ పెడితే క్యామ్, క్రాంక్ లెక్క కలవట్లేదని పి0016 లాంటి కోడు అదే చెప్తుంది. పాయింట్లున్న పెట్రోలు బండి ఉండి, దగ్గర్లో నమ్మకమైన మెకానిక్ ఉంటే, అరువు తెచ్చుకున్నా సరిపోతుంది. నాకు మాత్రం బండి విప్పడం సగం సరదా, పైగా రెండు షాపుల బిల్లులు ఇంకా గుర్తున్నాయి కాబట్టి నా లెక్క వేరు. కొనేవాళ్లు ప్లగ్గు వైరు క్లిప్పు విడిగా ఊడొచ్చే రకం చూసుకోండి. మా ఇంట్లో ముందు తుప్పు పట్టింది ఆ క్లిప్పుకే, విడిగా మార్చుకోలేకపోతే లైటు మొత్తం పక్కన పడేయాల్సొచ్చేది.